మరిది సంతకంతో గొంతుకు గొట్టం వేయొచ్చా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. రోడ్డు ప్రమాదంలో మావారి తలకు దెబ్బ తగిలితే విశాఖలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. పదకొండు రోజులు వెంటిలేటర్ మీదే ఉన్నారు. పిల్లల కోసం నేను ఒక్క పూట ఊరికి వచ్చి వెళ్లేసరికి, థియేటర్‌కైనా తీసుకెళ్లకుండా ఐసీయూలో మంచం మీదే గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టేశారు. అడిగితే, చేర్చిన రోజు మా మరిది సంతకం పెట్టిన ఇంగ్లిషు ఫారం చూపించారు. ఇప్పుడు స్పృహ వచ్చింది, మాట రావడం లేదు. కేసు వేయొచ్చా? ఒడిశాలో వేయాలా, ఆంధ్రలోనా? – ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు మాట సంగతి. ఊపిరి స్వరపేటిక దాకా రాకుండా కింద గొట్టంలోంచే బయటికి పోతోంది కనుక శబ్దం పుట్టదు. గొట్టం తీశాక చాలామందికి గొంతు తిరిగి వస్తుంది. మీవారి విషయం డాక్టర్నే అడగండి. ఈ భయంతో కోర్టుకు పరిగెత్తకండి.

మంచం మీదే చేయడం తప్పు కాదు. సూదితో దారి చేసి, తీగ మీదుగా రంధ్రాన్ని వెడల్పు చేసే పద్ధతి 1985 నుంచీ ఉంది. వెంటిలేటర్ మీదున్న మనిషిని థియేటర్‌కు మోసుకెళ్లడమే ఒక్కోసారి ఎక్కువ ప్రమాదం. ఫిర్యాదులో మంచం మీదే చేశారన్న మాట మొదటి పేరాలో రాశారా, అవతలి వకీలు పని సగం మీరే చేసిపెట్టినట్టు.

మీ బలమంతా ఆ ఫారంలోనే ఉంది. ఏం చేస్తారో, ఎందుకో, ముప్పేమిటో, వేరే దారి ఉందో లేదో చెప్పి తీసుకున్నదే సమ్మతి అని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక చికిత్సకు ఇచ్చిన సమ్మతి మరో దానికి చెల్లదనీ చెప్పింది. చేర్చిన రోజు సంతకం పదకొండో రోజు గొట్టానికి ఎలా సరిపోతుంది? పైగా 2002 నాటి వైద్య మండలి నిబంధనలు ఆపరేషన్‌కు ముందు రోగి నుంచో, భర్త లేదా భార్య నుంచో రాతపూర్వక సమ్మతి తీసుకోమంటాయి. మరిది మాట అందులో లేదు. మీ ఫోన్ నంబరు వాళ్ల దగ్గర ఉండే ఉంటుంది కదా!

అయితే ప్రాణం మీదికొచ్చి, అడిగే వ్యవధి లేనప్పుడు సమ్మతి లేకుండానే చేయొచ్చు. భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ డాక్టర్‌ను కాపాడుతుంది. ఆ పూట ఆక్సిజన్ పడిపోయిందా, లేక రోజులు లెక్కేసి చేసినదా అన్నది రికార్డులే చెప్పాలి.

నిజం చెప్పాలంటే, సమ్మతి లేదన్న ఒక్క కారణానికి పెద్ద మొత్తాలు రావు. సమీరా కోహ్లీకి గర్భసంచి, అండాశయాలు తీసేస్తే కోర్టు ఇప్పించింది 25,000 రూపాయలు, డాక్టర్ ఫీజు రద్దు. గొట్టం వల్ల రక్తస్రావమో, శ్వాసనాళం ఇరుకవడమో జరిగి ఉంటే లెక్క మారుతుంది. పోలీసు కేసు ఆలోచన మానుకోండి. తీవ్ర నిర్లక్ష్యం ఉంటే తప్ప అది నిలవదని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఎక్కడ వేయాలన్నది తేలికే. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే చోటే వేయొచ్చు. ఆస్పత్రి సరిహద్దు అవతల ఆంధ్రలో ఉన్నా మీ గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు, వాయిదా వాయిదాకీ విశాఖ బస్సెక్కే పని లేదు. గడువు రెండేళ్లు. ఆస్పత్రికి కట్టింది 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషనే వింటుంది, 5 లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు.

ఈ వారమే కేస్ షీటు, నర్సింగ్ చార్టు, వెంటిలేటర్ చార్టు, అన్ని సమ్మతి పత్రాలూ కావాలని దరఖాస్తు ఇవ్వండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. మీవారికి స్పృహ ఉందన్నారు కనుక, చేయి కదిలితే ఆ దరఖాస్తు మీద ఆయన చేతే సంతకం పెట్టించండి. ఆస్పత్రి ముద్ర వేసిన నకలు తీసుకోకుండా కౌంటర్ దగ్గర్నుంచి కదలొద్దు.