పెద్దావిడ బొమ్మ వేస్తే ఉన్న వయసుకన్నా పదేళ్లు ఎక్కువ కనిపిస్తోంది. ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

కొలతకి గళ్లు (గ్రిడ్) గీయకుండా, ట్రేస్ చేయకుండా అమ్మమ్మ బొమ్మ పెన్సిల్‌తో వేసి ఆవిడకే ఇద్దామనుకున్నారు. మూడుసార్లు వేస్తే మూడుసార్లూ ఆవిడకన్నా ముసలిగా వచ్చింది. అందంగా ఉండాలి, పోలిక మాత్రం చెడకూడదు అంటున్నారు. ఈ దెబ్బ నేనూ తిన్నాను కాబట్టి చెబుతున్నాను.

మా పెద్దమ్మకి అప్పుడు అరవై ఎనిమిది. రెండు సాయంత్రాలు ఎదురుగా కూర్చోబెట్టి, కనిపించిన ముడతనల్లా వదలకుండా దించాను. అలా వేస్తేనే నిజాయితీ అని నా నమ్మకం. ఆవిడ కళ్లద్దాలు తగిలించుకుని చాలాసేపు చూసి, "బాగుందిరా, అచ్చం మా అమ్మలాగే ఉంది" అంది. మెచ్చుకుందనుకుని ఒక నిమిషం పొంగిపోయాను కూడా. వాళ్లమ్మని నేను చూసిందల్లా ఎనభై దాటాక తీసిన ఫోటోలోనే అని తర్వాత వెలిగింది.

తప్పెక్కడంటే, నేను ముడతని గీత అనుకున్నాను. మనిషి మొహం మీద గీతలుండవు, మడతలుంటాయి. మడతంటే కాస్త వెలుగు, కాస్త నీడ, అంతే. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు ఆవిడ నవ్వుతుంది, తల తిప్పుతుంది, మాట్లాడుతుంది, కాబట్టి ముడతల మీద మన చూపు నిలవదు. కాగితం మీద మొహం కదలదు. మొన తేలిన పెన్సిల్‌తో గీసిన గీత అక్కడ గాటులా ఉండిపోతుంది.

ముక్కు పక్కనుంచి నోటి మూలకి దిగే మడతనే తీసుకోండి. వయసు పెంచేసేది ముఖ్యంగా అదే. పెన్సిల్ని నిలబెట్టి పట్టుకోకుండా పడుకోబెట్టండి. ముక్కు రెక్క పక్కన 2బితో (కాస్త మెత్తని, నల్లటి పెన్సిల్) కొంచెం నీడ వేయండి, కిందికి దిగేకొద్దీ చెయ్యి తేలిక చేస్తూ రండి. బుగ్గ వైపు అంచు ఎక్కడ ఆగిందో తెలియకుండా కరిగిపోవాలి. నోటి మూలదాకా లాగొద్దు, సగం దారిలోనే వదిలేయండి. మిగతాది చూసేవాళ్ల కన్నే పూర్తి చేసుకుంటుంది. రెండోసారి వేసినప్పుడు పెద్దమ్మ మొహంలో నేను మార్చింది ముఖ్యంగా ఇదొక్కటే. దానికే మొహం సగం తేటపడింది.

అలాగని ముడతలన్నీ తుడిచేయకండి, ప్లాస్టిక్ బొమ్మ తయారవుతుంది. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నది ఆవిడ్ని ఎరిగిన మీరే తేల్చుకోవాలి. మా పెద్దమ్మ నవ్వు కంటి మూలల్లో ఉంటుంది, అందుకని అక్కడ ఒక్కో వైపు రెండేసి మడతలు ఉంచాను. పై పెదవి మీద నిలువుగా ఉండే సన్నని ముడతలు మాత్రం ఒక్కటీ వేయలేదు. అవి పెన్సిల్‌లో ముడతల్లా రావు, మీసంలా వస్తాయి! మొదటి బొమ్మలో వచ్చాయి కూడా. పెద్దమ్మ మర్యాదకి ఆ మాట ఎత్తలేదు.

వయసుతో పెదవులు పలచబడతాయి, పై రెప్ప కిందికి వాలుతుంది, ముక్కు కొస కాస్త దిగుతుంది, చెవి తమ్మె సాగుతుంది. వీటి జోలికి వెళ్లొద్దు. పోలికంతా అక్కడే ఉంటుంది. పెదవులు నిండుగా చేశారంటే మొహం చక్కగానే వస్తుంది, కాకపోతే అది ఇంకెవరిదో అవుతుంది.

ఇదంతా వెలుతురు సరిగ్గా ఉంటేనే. పక్కనుంచి పడే వెలుతురు ప్రతి ముడతకీ ఓ నీడ తగిలిస్తుంది. నడినెత్తిన లైటుంటే కళ్లు గుంటలవుతాయి. నేను మొదటిసారి చేసింది అదే, లైటు కింద కూర్చోబెట్టాను. ఆవిడ మొహం కిటికీ వైపుండాలి, వెలుతురు ఎదురుగా కొంచెం పైనుంచి మెత్తగా పడాలి. గడ్డం రవ్వంత ఎత్తమంటే మెడ మడతలు కొన్ని వాటంతటవే సర్దుకుంటాయి. ఫోటో చూసి వేసేట్టయితే ఫోన్ మొహం దగ్గర పెట్టి తీయొద్దు, ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. ఐదారు అడుగుల దూరంలో నిలబడి, జూమ్ చేసి తీయండి.

కొలతల గురించి ఒక్క మాట. చెయ్యి చాచి పెన్సిల్ని అడ్డంగా, నిలువుగా పట్టి కొలుచుకుంటే చాలు. కళ్లు తల ఎత్తులో దాదాపు సగంలో ఉంటాయి. దాదాపు అందరం వాటిని పైకి తోసేస్తాం, నుదురు కురచైపోతుంది. హెచ్‌బితో (మామూలు రాత పెన్సిల్) తేలిగ్గా ఆకారం కుదిరేదాకా కంటి రెప్పల జోలికి పోవద్దు. కుదిరిందో లేదో తెలియకపోతే బొమ్మని అద్దంలో చూడండి, వంకర ఉంటే ఇట్టే బయటపడుతుంది.

6బి లాంటి ముదురు పెన్సిల్ కంటిపాపకి, పై రెప్ప అంచుకి, రెండు పెదవులు కలిసే చోటికి దాచుకోండి. బాగా నల్లగా ఉన్న చోటికే చూపు పోతుంది కాబట్టి, కళ్లు నల్లగా మెరిస్తే మెడ ముడతల్ని ఎవరూ పట్టించుకోరు. కంటిలో మెరుపు చుక్క తెల్ల కాగితంగానే వదలండి. కింది రెప్పకి గీత వద్దు. వేలితో రుద్దొద్దు, చేతి జిడ్డు అంటి మరకలవుతుంది, ఆ మరక రబ్బరుకీ పోదు. తెల్లజుట్టుకి ఒక్కో వెంట్రుకా గీయక్కర్లేదు. జుట్టు వెనక నేపథ్యంలో నీడ వేస్తే జుట్టు దానంతటదే తెల్లగా లేస్తుంది. తర్వాత పిసికే రబ్బరుని సన్నగా మొనలా చేసి నాలుగైదు పాయలు లాగితే సరిపోతుంది.

ఉన్నదున్నట్టు వేస్తే తప్పా అని అడుగుతారేమో. జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1514లో 63 ఏళ్ల తన తల్లిని బొగ్గుతో గీశాడు, ఆవిడ పోవడానికి రెండు నెలల ముందు. ఎముకలు, నరాలు, లోతుకుపోయిన బుగ్గలు, దేన్నీ దాచలేదు. నాకు ఎంతో ఇష్టమైన బొమ్మ అది. అయినా అలాంటిది వేసి మా పెద్దమ్మ చేతిలో పెట్టే ధైర్యం నాకు లేదు.

చివరికొచ్చేసరికి చెయ్యి ఊరుకోదు, మెడ కింద కూడా దిద్దాలనిపిస్తుంది. రెండో బొమ్మలో నేను మెడ దగ్గర రెండు నీడలు వేసి, భుజాలని ఒట్టి గీతగా వదిలేశాను. పెద్దమ్మ దాన్ని ఫ్రేము కట్టించుకుంది. మొదటిది నా దగ్గరే ఉంది, అడిగినా ఇవ్వలేదు.