కాలేయం నీ కోసం ఆగదు

చిరంజీవి బుజ్జికి, గుంటూరు బ్రాడీపేట నుండి పెద్దమ్మ దీవించి వ్రాయునది.

నీకు హైదరాబాదులో పరిశోధనకు చోటు దొరికిందనీ, కాలేయ కణాలలో కొవ్వు తయారీని, ఖర్చును అదుపు చేసే ఎంజైముల మీద పని చేయబోతున్నావనీ మీ అమ్మ నిన్న రాత్రి ఫోనులో చెప్పింది. ఆ మాట విన్నాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మీ తాతగారు జీవితంలో చుక్క మద్యం ముట్టకుండానే కాలేయం గట్టిపడి పోయారు. కారణం ఏమిటని అడిగినవారికి మేము జవాబు చెప్పలేకపోయాము. చాటుగా తాగేవాడేమోనన్న ఊరివారి మాటను మీ అమ్మమ్మ ఏళ్ల తరబడి మౌనంగా భరించింది. మద్యంతో పని లేకుండానే కాలేయం కొవ్వు పట్టి, వాచి, గట్టిపడగలదని ఇప్పుడు అందరికీ తెలుసు. ఆ ఇంటి పిల్ల ఆ కాలేయాన్నే చదవబోతోందంటే నా మనసు ఎంత నిండిపోయిందో నీకు చెప్పలేను. అయితే నీ తొందరపాటు నేను ఎరుగుదును కనుక, ఉండబట్టలేక ఈ ఉత్తరం వ్రాస్తున్నాను.

సీసా తెరిచిన రోజే దాని మీద తేదీ వెయ్యి, పిపెట్లను సరిచూసుకో, నోటుపుస్తకం ఏ రోజుది ఆ రోజే వ్రాయి. ఇవి అక్కడ ఎవరైనా చెబుతారు.

నీ చేతికి ముందుగా వచ్చేది ఎసిటైల్ కోఎ కార్బాక్సిలేజ్ కావచ్చు. అది ఎసిటైల్ కోఎ అనే చిన్న అణువును మలోనైల్ కోఎగా మారుస్తుంది. ఆ మలోనైల్ కోఎ ఒకవైపు కొత్త కొవ్వు ఆమ్లాలకు ముడిసరుకు. మరొకవైపు, ఉన్న కొవ్వు ఆమ్లాలను, అవి కాలే చోటైన మైటోకాండ్రియాలోకి చేర్చే కార్నిటైన్ పామిటాయిల్ ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైముకు అడ్డుకట్ట. ఈ రెండో సంగతిని 1977లో డల్లాస్‌లో మెక్‌గారీ, ఫాస్టర్ కనుగొన్నారు. గిడ్డంగికి ఉన్న ఒక్క గేటులోంచి మిర్చి బస్తాలు లోపలికి దిగుతున్నంతసేపు బయటకు వెళ్లవలసిన లారీని ఆపి ఉంచినట్టే, కొవ్వు తయారవుతున్నంతసేపు కొవ్వు కాలకుండా ఆ ఒక్క అణువు చూసుకుంటుంది. అన్నం తిన్నాక ఇన్సులిన్ ఈ ఎంజైమును మేల్కొల్పుతుంది. కణంలో శక్తి తగ్గి, ఆ లోటుకు గుర్తుగా ఏఎంపీ అనే అణువు పెరిగినప్పుడు, ఏఎంపీ కైనేజ్ అనే మరో ఎంజైము దానికి ఒక ఫాస్ఫేటును తగిలించి నిద్రపుచ్చుతుంది. ఫాస్ఫేటు అన్న మాట వ్రాసినప్పుడల్లా భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు నాకు గుర్తుకు వస్తారు. ఆయన ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతిలో ఫాస్ఫరస్ కొలుస్తూ, పరీక్షనాళికలో ఆ నీలిరంగు మెల్లగా తేలడం చూసిన రోజే నేను ఈ శాస్త్రానికి అంకితమయ్యాను.

ఇక నా తప్పు విను. దీనిని మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

అది 1985 వేసవి. మేపిన ఎలుకలకూ, పస్తు ఉంచిన ఎలుకలకూ కాలేయంలో ఈ ఎంజైము చురుకుదనం ఎంత తేడాగా ఉంటుందో కొలవడం నా పని. ముక్కను క్షణంలో గడ్డకట్టించే ద్రవ నైట్రోజన్ మాకు సులభంగా దొరికేది కాదు. పశువుల కృత్రిమ గర్భధారణ కోసం వీర్యం భద్రపరిచే కేంద్రం వారిని బతిమాలితే వారానికి ఒక చిన్న డబ్బా ఇచ్చేవారు, దానిని నేను పొదుపుగా దాచుకునేదాన్ని. అందుచేత నాలుగేసి ఎలుకల కాలేయాలను ఒకేసారి తీయించి, ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన మంచుగడ్డలు నింపిన పళ్లెంలో వరుసగా గిన్నెలు పెట్టి, ఒక్కొక్కదాన్నే వెన్న కాగితం మీద తూచి నూరేదాన్ని. మొదటి గిన్నె వంతు నిమిషంలో వచ్చేది. నాలుగో గిన్నె వంతు వచ్చేసరికి పన్నెండు నిమిషాలు గడిచేవి. పస్తున్న ఎలుకలను త్వరగా వదిలించుకుందామని వాటిని ముందు, మేపినవాటిని చివర పెట్టుకునేదాన్ని.

ఫలితం ఏమి వచ్చిందో నువ్వు ఊహించగలవు. మేపిన ఎలుకలకూ పస్తు ఎలుకలకూ ఎంజైము దాదాపు ఒకే తీరులో కనిపించింది. పుస్తకాలు చెప్పే అదుపు మన ఎలుకలలో లేదని నేను నమ్మాను, సెమినారులో గొంతెత్తి చెప్పాను. మాకు ఎలుకలను చూసిపెట్టే పెద్దాయన ఒక మధ్యాహ్నం, "అమ్మా, చివరి గిన్నెలో ముక్క నల్లబడుతోంది, చూశారా?" అని అడిగాడు. నేను చూశాను. ఎర్రమట్టి రంగులో మెరవవలసిన ముక్క అంచులు ముదురు ఊదా రంగుకు తిరిగి ఉన్నాయి. వేడికి అలాగే అవుతుందిలే అని ఆయనను కసిరి పంపాను. ఆ కసురు గుర్తొస్తే నాకు ఈనాటికీ గుండె బరువెక్కుతుంది, ఎందుకంటే నా ప్రయోగంలో లోపాన్ని ఆ గదిలో కళ్లతో పట్టుకున్నవాడు ఆయన ఒక్కడే.

శరీరం నుంచి తీసినంత మాత్రాన కాలేయం ఆగిపోదు తల్లీ. రక్తం అందక, ఆక్సిజన్ లేక, కణానికి శక్తినిచ్చే ఏటీపీ పడిపోతుంది, ఏఎంపీ పెరుగుతుంది, కైనేజ్ లేచి ఎంజైముకు ఫాస్ఫేటు తగిలిస్తుంది. ఇదంతా నువ్వు కాగితం సరిచేసుకుంటున్న ఆ కాసేపటిలోనే మొదలవుతుంది. మంచు మీద పెట్టినా ముక్క లోపలి భాగం కొన్ని నిమిషాలు వెచ్చగానే ఉంటుంది. నేను కొలిచింది తిండి ప్రభావాన్ని కాదు, నా ఆలస్యాన్ని. 1987లో స్కాట్లాండులో కార్లింగ్, జామిట్, హార్డీ ఈ ఎంజైమునూ, కొలెస్టరాల్ తయారీని నడిపే హెచ్‌ఎంజీ కోఎ రిడక్టేజ్‌నూ ఒకే కైనేజ్ అణచివేస్తుందని చూపించిన వ్యాసం, ఆలస్యంగా మా గ్రంథాలయానికి చేరినప్పుడు, నేను నిలబడే చదివి, ఇంటికి వచ్చి పాత నోటుపుస్తకం తీసి, గిన్నెల వరుస ప్రకారం అంకెలను మళ్లీ గీశాను. పస్తు ఎలుకలలోనూ, మేపినవాటిలోనూ ముందు గిన్నె నుంచి తరువాతి గిన్నెకు గీత మెట్టు దిగినట్టు దిగింది. ఆ రాత్రి మా వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఆ పని మొత్తం మళ్లీ చేయడానికి నాకు రెండేళ్లు పట్టింది.

కాబట్టి శరీరంలోంచి తీస్తున్న క్షణంలోనే, ద్రవ నైట్రోజన్‌లో చల్లబరచిన అల్యూమినియం పటకారుతో కాలేయాన్ని అదిమి పలుచని రేకులా గడ్డకట్టించు. నూరే ద్రావణంలో ఫాస్ఫేటును ఊడగొట్టే ఎంజైములను ఆపడానికి సోడియం ఫ్లోరైడు, కైనేజ్‌కు మెగ్నీషియం అందకుండా ఈడీటీఏ మరచిపోకు. జంతువును ఏ గంటకు తీశావో వ్రాయి. ఎలుకలు రాత్రిపూట తింటాయి, వాటి రిడక్టేజ్ నడిరాత్రి వేళ శిఖరానికి చేరుతుంది. ఉదయం ఒకరు, సాయంత్రం ఒకరు తీసిన అంకెలను పక్కపక్కన పెట్టకు.

గిన్నెలలో పెంచే కణాలతో పని చేసినా ఇదే బెంగ నాకు. చాలామంది వాడే పోషక ద్రవంలో లీటరుకు 4.5 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. మన డాక్టర్ల లెక్కలో అది డెసిలీటరుకు 450 మిల్లీగ్రాములు. అంత చక్కెరలో పగలూ రాత్రీ మునిగి ఉన్న కణం పస్తు అంటే ఏమిటో ఎలా చెబుతుంది? మీ మేష్టారు అంగీకరిస్తే తక్కువ గ్లూకోజు ద్రవంతోనూ ప్రయోగం చేసి చూడు.

ఒక్క ఎంజైమును ఆపితే జబ్బు నయమవుతుందని కూడా ముందే నమ్మకు. ఈ కార్బాక్సిలేజ్‌ను అణచే మందులు ఇచ్చినప్పుడు మనుషుల కాలేయంలో కొవ్వు నిజంగానే తగ్గింది, కానీ రక్తంలో ట్రైగ్లిజరైడ్లు పెరిగాయి. మలోనైల్ కోఎ లేకపోతే పొడవైన అసంతృప్త కొవ్వు ఆమ్లాలు తయారు కావు; అవి తగ్గినప్పుడు ఎస్‌ఆర్‌ఈబీపీ-1సీ అనే నియంత్రక ప్రోటీను లేచి, కాలేయం నుంచి కొవ్వును రక్తంలోకి ఎక్కువగా పంపిస్తుంది. నువ్వు కాలేయాన్ని చూస్తున్న రోజునే ఒక చుక్క రక్తాన్ని కూడా దాచి పెట్టు.

ఇంకొక్క భయం ఉంది, ఇది ఎంజైము గురించి కాదు. ద్రవ నైట్రోజన్ ఉన్న గదిలో తలుపు మూసుకోకు, ఆ డబ్బాతో లిఫ్టు ఎక్కకు. ఆవిరైన నైట్రోజన్ గదిలోని ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తుంది, దానికి వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే స్పృహ పోతుంది. నవ్వినా సరే, ఈ మాట మీ హాస్టలు గదిలో గోడకు అంటించుకో.

నా పటకారు బీరువాలోనే ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేతు పనివాడు రెండు అల్యూమినియం దిమ్మెలను పొడవాటి పిడులకు బిగించి చేసిచ్చాడు, ఒక దిమ్మె మీద చిన్న గీత పడింది గాని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఆదివారం మీ నాన్న ఇటు వచ్చినప్పుడు పాత నోటుపుస్తకంతో కలిపి ఇచ్చి పంపుతాను. దాన్ని నైట్రోజన్‌లో ముంచాక బుడగలు పూర్తిగా ఆగేదాకా బయటకు తీయకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ