డ్యాష్‌బోర్డ్ కోర్సులో చేర్పించమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి నల్గొండలో బీఎస్సీ స్టాటిస్టిక్స్ చివరి సంవత్సరం చదువుతోంది. లెక్కల్లో గట్టిది. బొమ్మలు వేస్తుంది, తెలుగులో చక్కగా రాస్తుంది. ప్రోగ్రామింగ్ మీద మాత్రం అంత ఆసక్తి లేదు. సంస్థల దగ్గర పేరుకుపోయిన డేటాను అందరికీ అర్థమయ్యేలా చూపించే ఉద్యోగాలు ఉన్నాయని, అటే వెళ్తానని అంటోంది. హైదరాబాద్‌లో ఒక శిక్షణ సంస్థ డేటాను చార్టులుగా, ఒకే తెర మీద కనిపించే డ్యాష్‌బోర్డులుగా మార్చే పవర్ బీఐ, టాబ్లో అనే సాఫ్ట్‌వేర్లను మూడు నెలల్లో నేర్పి ఉద్యోగ హామీ ఇస్తామంటోంది. ఫీజు 60 వేలు. చేర్పించమంటారా? – ఒక తండ్రి

జవాబు: ఇప్పుడే వద్దండీ. మీ అమ్మాయి ఎంచుకున్న దారి మంచిదే. కానీ ఆ సంస్థ నేర్పేది ఈ పనిలో అన్నిటికన్నా తేలికైన భాగం. పవర్ బీఐ డెస్క్‌టాప్‌ను విండోస్ కంప్యూటర్‌లో ఉచితంగా దించుకోవచ్చు. టాబ్లో పబ్లిక్ కూడా ఉచితమే. పాఠాలు యూట్యూబ్‌లో కావలసినన్ని ఉన్నాయి, తెలుగులోనూ దొరుకుతాయి. సెలవుల్లో రోజుకు రెండు గంటలు కూర్చుంటే ఏ బటన్ ఎక్కడుందో తెలిసిపోతుంది. కష్టమంతా ఆ తర్వాతే.

ఒక ఉదాహరణ చూద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశ సగటు 21.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలోనే ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. ఈ అంకెలు ఇచ్చి చార్టు వేయమంటే కోర్సు పూర్తిచేసినవారిలో ఎక్కువమంది రాష్ట్రాలన్నిటినీ వరుసగా నిలబెట్టి, రంగులద్ది, పైన ‘తెలంగాణలో సిజేరియన్ల శాతం, 2019–21’ అని శీర్షిక పెడతారు. తప్పేమీ లేదు, ఉపయోగమూ లేదు. అసలు దాన్ని చూసేది ఎవరు? ఆరోగ్యశాఖ కార్యదర్శి అయితే ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల మధ్య తేడా పక్కపక్కనే కనబడాలి. జిల్లా వైద్యాధికారికి రాష్ట్ర సగటుతో పని లేదు, తన జిల్లాలో ఏ ఆసుపత్రి దగ్గర ఆగి ప్రశ్నించాలో తెలియాలి. గర్భిణి ఇంట్లోవాళ్లకు ఈ శాతాలేవీ అక్కర్లేదు. ‘ప్రైవేటు ఆసుపత్రుల్లో పది కాన్పుల్లో ఎనిమిది సిజేరియన్లే’ అన్న ఒక్క వాక్యం, దాని కింద డాక్టరును ఏమడగాలో రెండు ముక్కలు ఉంటే చాలు. అంకెలు అవే. చూసేవారు మారితే చార్టు మారుతుంది, ఒక్కోసారి చార్టే అవసరం ఉండదు. చూసినవారు ఆ తర్వాత ఏ నిర్ణయం తీసుకోవాలో ముందే కనుక్కుని ఆపైన సాఫ్ట్‌వేర్ తెరిచేవాళ్లకే ఈ రంగంలో విలువ.

నిజాయితీ కూడా ఇక్కడే పరీక్షకు వస్తుంది. 2015–16లో తెలంగాణ శాతం 57.7. అంటే పెరుగుదల మూడు పాయింట్లు. నిలువు గీతను సున్నా నుంచి కాకుండా 55 నుంచి మొదలుపెట్టి బార్లు గీస్తే రెండోది మొదటిదానికి రెట్టింపు కన్నా ఎత్తుగా లేస్తుంది. ఒక్క అంకె కూడా అబద్ధం కాదు, బొమ్మ మాత్రం అబద్ధమే. ‘కొంచెం గట్టిగా కనిపించేలా చేయమ్మా’ అని పై అధికారి అడిగే రోజు ఏ ఉద్యోగంలోనైనా వస్తుంది. అప్పుడు కాదని చెప్పడానికి స్టాటిస్టిక్స్ చదివిన ధైర్యం కావాలి. మీ అమ్మాయి డిగ్రీని తక్కువగా చూడకండి.

ఇదంతా సోకుల వ్యవహారం అనుకునేవారికి నేను చాలెంజర్ సంగతి చెబుతుంటాను. 1986 జనవరి 28న ఆ అంతరిక్ష నౌక పేలి ఏడుగురు వ్యోమగాములు చనిపోయారు. రాకెట్ అతుకుల్లోంచి వాయువు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగులు చలికి బిగుసుకుపోతాయని ఇంజినీర్లు ముందురోజు రాత్రే హెచ్చరించారు. అయితే ఆ చర్చలో రింగులు దెబ్బతిన్న ప్రయోగాల ఉష్ణోగ్రతలనే పోల్చి చూశారు. వాటిలో కొన్ని చలిలో, కొన్ని వెచ్చని రోజుల్లో జరిగినవి కావడంతో చలికీ నష్టానికీ సంబంధం కనబడలేదు. ఏ నష్టమూ జరగని ప్రయోగాలను కూడా కలిపితే చిత్రం వేరుగా ఉందని విచారణ సంఘం తర్వాత చూపింది. 65 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తక్కువలో ప్రయోగించిన నాలుగింటిలోనూ రింగులు దెబ్బతిన్నాయి. అంతకన్నా వెచ్చగా ఉన్నప్పుడు జరిగిన ఇరవైలో మూడింటికే అలా జరిగింది. ప్రయోగం జరిగిన ఆ ఉదయం ఉష్ణోగ్రత దాదాపు 36 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 2 డిగ్రీల సెల్సియస్.

ఇక ఉద్యోగాలు. ‘డేటా స్టోరీటెల్లర్’ అని వెతికితే ప్రకటనలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా దొరకకపోవచ్చు. ఇదే పని బిజినెస్ అనలిస్ట్, బీఐ అనలిస్ట్, రిపోర్టింగ్ అనలిస్ట్ అనే పేర్లతో ఉంటుంది. స్వచ్ఛంద సంస్థల్లో మానిటరింగ్ అండ్ ఎవాల్యుయేషన్ అంటారు. పత్రికల్లో డేటా జర్నలిజం. కంపెనీ లెక్కల నివేదికలు తయారుచేసే ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగం అనగానే చాలామంది మొహం చిట్లిస్తారు. ఎక్సెల్ షీట్లతో రోజంతా కుస్తీ పట్టాల్సిన మాట నిజమే. కానీ కంపెనీలో అంకెలు ఎక్కడ పుడతాయో, ఎక్కడ చెడతాయో అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది, మొదటి ఉద్యోగంగా నేను దాన్ని కాదనను. ప్రోగ్రామింగ్ ఇష్టం లేదన్నారు. జావా రాకపోయినా ఫర్వాలేదు, డేటాబేస్‌ను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్ మాత్రం తప్పదు. డేటాబేస్ నుంచి తనకు కావలసింది తనే తీసుకోలేకపోతే ప్రతి చిన్నదానికీ ఇంకొకరి దయ మీద ఆధారపడాలి.

తెలుగు బాగా రాస్తుందన్నారు, దాన్ని పక్కన పెట్టవద్దని చెప్పండి. వ్యవసాయం, ఆరోగ్యం, చదువు మీద పనిచేసే సంస్థలు నివేదికలను ఇంగ్లిషులో అచ్చువేసి, గ్రామసభలో వాటిని ఎలా వివరించాలో తెలియక తలపట్టుకుంటాయి. సర్పంచికీ ఆశా కార్యకర్తకూ ఒక్క పేజీలో అర్థమయ్యేలా చెప్పగలిగిన వ్యక్తి వాటికి అంత తేలికగా దొరకరు.

వచ్చే ఆరు నెలల్లో ఆమె మూడు నమూనా ప్రాజెక్టులు తయారుచేసుకుంటే చాలు. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్ ఉంది, తెలంగాణకు విడిగా మరొకటి ఉంది, ఆరోగ్య సర్వే జిల్లా నివేదికలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి. తనకు తెలిసిన విషయమే ఎంచుకోమనండి: నల్గొండ బోర్లలో ఫ్లోరైడ్ కావచ్చు, నాగార్జునసాగర్ నీటిమట్టం కావచ్చు. ప్రతిదానికీ ఇది ఎవరికోసం, ఏమేం వదిలేశాను, ఎందుకు అని ఒక పేరా రాసి జతచేయాలి. పూర్తయ్యాక స్టాటిస్టిక్స్ తెలియని మీకే చూపించమనండి. మీరు అర నిమిషం చూసి విషయమేమిటో చెప్పలేకపోతే మళ్లీ చేయాలి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ఈ మూడింటి గురించే ఎక్కువసేపు మాట్లాడతారు.

పై చదువుల మాటకొస్తే, బొమ్మల వైపే మనసు ఎక్కువ లాగుతుంటే డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష సీడ్ రాసి ఐఐటీ హైదరాబాద్‌లోనో బాంబేలోనో ఎం.డిజైన్‌కు ప్రయత్నించవచ్చు, మూడేళ్ల డిగ్రీ ఉన్నవారు కూడా ఆ పరీక్ష రాయవచ్చు, ప్రవేశ అర్హత మాత్రం ఒక్కో సంస్థలో ఎలా ఉందో ముందే చూసుకోవాలి. అంకెల వైపైతే ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌కు తెలంగాణ విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయాలి.

ఆరు నెలల తర్వాత కూడా కోర్సు కావాలని ఆమే అడిగితే అప్పుడు చేర్పించండి. అంతకుముందు ఆ ‘ఉద్యోగ హామీ’ని కాగితం మీద రాసివ్వమనండి: ఏ ఉద్యోగం, ఎంత జీతం, రాకపోతే ఫీజులో ఎంత, ఎప్పటిలోగా వెనక్కి ఇస్తారు. వాళ్లు రాసివ్వకపోతే ఆ 60 వేలతో మంచి ల్యాప్‌టాప్ కొనండి.