పీ53 జన్యువు బాగానే ఉన్నా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఎలా వస్తుంది?

కణితులను అణిచే జన్యువు చెడకుండానే ఈ క్యాన్సర్ ఎలా వస్తుందని అడిగారు. ఇక్కడ సాధారణంగా దెబ్బతినేది జన్యువు కాదు, అది తయారుచేసే ప్రొటీన్. హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్)లోని ఈ6 (E6) అనే ప్రొటీన్, పీ53 ప్రొటీన్‌ని కణం చేతే ముక్కలు చేయిస్తుంది. అదే వైరస్‌లోని ఈ7 (E7) ప్రొటీన్, ఆర్‌బీ అనే మన కణంలోని మరో ప్రొటీన్‌ని పట్టుకుని పనిచేయనివ్వదు. డీఎన్ఏ చెడిన కణాన్ని నిలిపేది పీ53, విభజనకు గేటు వేసేది ఆర్‌బీ. రెండూ పోతే కణాన్ని ఆపేవాళ్లుండరు. ఈ కేసుల్లో సుమారు 70 శాతానికి హెచ్‌పీవీ 16, 18 రకాలే కారణం. టీకా వీటిని అడ్డుకుంటుంది కాబట్టి ఆడపిల్లలకు 9-14 ఏళ్లలోనే వేయించమని గట్టిగా చెబుతాను.

అండాశయ క్యాన్సర్ దారి వేరు. అందులో ఎక్కువగా కనిపించే హై గ్రేడ్ సీరస్ (వేగంగా పెరిగే) రకంలో దాదాపు ప్రతి కణితిలోనూ పీ53 జన్యువే మారిపోయి ఉంటుంది. కొందరికి ఈ క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ1 అనే జన్యువులో లోపం పుట్టుకతోనే వస్తుంది, అమ్మ నుంచే కాదు, నాన్న నుంచి కూడా. డాక్టరుకు నాన్న వైపు వాళ్ల జబ్బులు కూడా తప్పక చెప్పండి.