అందరూ ‘సూపర్’ అంటే చర్చ ఎక్కడిది?

ప్రశ్న: శ్రీకాకుళం దగ్గర హైస్కూల్లో సోషల్ టీచర్ని. కంప్యూటర్ ల్యాబులో నలుగురికో గూగుల్ డాక్ (అందరూ కలిసి రాసే ఆన్‌లైన్ పేజీ) ఇచ్చి ‘ఇక్కడ వాన లేకపోయినా నాగావళికి వరద ఎందుకొస్తుంది?’ అని అడిగాను. ఒకడు నెట్‌లోంచి కాపీ కొట్టాడు, మిగతావాళ్లు ‘ఓకే’, ‘సూపర్’ అని కామెంట్లు పెట్టారు. ఆలోచించి మాట్లాడించేదెలా?

జవాబు: ప్రశ్న భేషుగ్గా ఉంది మాస్టారూ, చిక్కంతా పద్ధతిలోనే. నలుగురికీ కలిపి ఒక్క జవాబే కావాలంటే ఎవరో ఒకరు రాసేస్తారు, అంతే. ముందు నెట్ చూడకుండా ఎవరి ఊహ వాళ్లు నోటుబుక్కులో రాసుకోవాలి, తర్వాతే డాక్ తెరవాలి. అప్పుడు ఒకడు ‘సముద్రం పోటు వల్ల’ అంటాడు, ఇంకో అమ్మాయి ‘నది పుట్టిందే ఒడిశాలో, అక్కడి వాన ఇక్కడికొస్తుంది’ అంటుంది, వాదన దానంతటదే రాజుకుంటుంది. కెనడాలో విద్యా పరిశోధకులు స్కార్డమాలియా, బెరైటర్ పిల్లలు కలిసి చర్చించుకోడానికి రూపొందించిన నాలెడ్జ్ ఫోరమ్ సాఫ్ట్‌వేర్‌లో ‘నా ఊహ’, ‘నాకింకా అర్థం కావాల్సింది’, ‘ఈ ఊహతో తేలనిది’ లాంటి, వాక్యం మొదలుపెట్టడానికి వాడే మాటలు ఉంటాయి. వాటికి మీకు సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, బోర్డు మీద రాస్తే చాలు.

మీరు మాత్రం సరైన జవాబు తొందరపడి పెట్టకండి, పెట్టారా, పిల్లలు నోరు మూసేస్తారు. చివర్లో ‘ఎవరి మాటకి నా అభిప్రాయం మారింది, ఎందుకు’ అని ఒక్కొక్కరితో రాయించండి. మార్కులు జవాబుకంటే దానికే ఎక్కువ వెయ్యండి.