అమ్మ మొక్కుకుంది, మరి దేవుడు నన్ను పిలిచాడా?

చెల్లెమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీకు 26 ఏళ్లు, గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సువి. నువ్వు కడుపులో ఉండగానే నిన్ను దేవుడి సేవకు ఇచ్చేస్తానని అమ్మ మొక్కుకుంది. పోయిన నెల ఉపవాస ప్రార్థనలో బయటి ఊరి నుంచి వచ్చిన దైవజనుడు నీ తలమీద చెయ్యి పెట్టి, ప్రభువు పిలుస్తున్నాడు, ఉద్యోగం వదిలెయ్, ఆలస్యం చేస్తే, దేవుడి మాట వినకుండా పారిపోయి చేప కడుపులో పడ్డ యోనాకు పట్టిన గతే అన్నారు. అప్పటినుంచి నిద్ర లేదు. చదువు కోసం చేసిన అప్పు ఇంకా తీరలేదు. రాజీనామా చెయ్యనా అని అడిగావు.

ఇప్పుడు చెయ్యొద్దు. నీకు పిలుపు లేదని నేను అనడం లేదు, ఇంత భయంలో ఉండగా అది ఉందో లేదో నీకు తెలియదు అంటున్నాను.

అమ్మ మొక్కు సంగతి ముందు చూద్దాం. బైబిల్లో హన్నా కూడా బిడ్డ కోసం మొక్కుకుంది, పాలు మాన్పించాక కొడుకు సమూయేలును షిలోహులోని మందిరానికి తెచ్చి అప్పజెప్పింది. మనవాళ్లు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మొదటి సమూయేలు 3వ అధ్యాయం నెమ్మదిగా చదువు. మందిరంలోనే పెరుగుతున్నా ఆ పిల్లవాడు అప్పటికింకా యెహోవాను ఎరగడని అక్కడ రాసి ఉంది. తల్లి మొక్కు వాణ్ణి మందిరం దాకా తెచ్చింది గానీ, పిలవడం మాత్రం దేవుడే పేరు పెట్టి విడిగా పిలిచాడు, వాడు పొరబడి మూడుసార్లు యాజకుడైన ఏలీ దగ్గరికి పరిగెత్తినా కోప్పడకుండా నాలుగోసారి కూడా పిలిచాడు. అర్థం కాలేదని పిల్లను శిక్షించే దేవుడు కాదమ్మా ఆయన. యోనా సంగతి వేరు, నీనెవెకు వెళ్లాలని స్పష్టంగా తెలిసే, దాన్ని తప్పించుకోవడానికి తర్షీషు వెళ్లే ఓడ ఎక్కాడు. నీకు ఆ స్పష్టత లేదు కాబట్టే కదా నాకు రాశావు.

మూడు నెలలుగా అన్నీ నైట్ డ్యూటీలే అని కూడా రాశావు. బాగా అలసిపోయి ఉన్నప్పుడు ఉద్యోగం వదిలెయ్ అని ఎవరన్నా అది దేవుడి మాటలాగే వినిపిస్తుంది. సభలో ఏడ్చి, మర్నాడే రాజీనామా ఇచ్చేసి, కొన్ని నెలలకు ఇంకా కుంగిపోయి నా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్లకు ముందు కావాల్సింది విశ్రాంతి.

నీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట వేరే ఉంది. క్యాన్సర్ వార్డులో ఎవరూ రాని పెద్దవాళ్ల పక్కన డ్యూటీ అయ్యాక కాసేపు కూర్చుంటానని, అప్పుడు మాత్రం అలసట తెలియదని రాశావు చూడు, దైవజనుడి మాటకన్నా నాకు అదే ముఖ్యంగా అనిపించింది. వేలూరు ఆసుపత్రి స్థాపించిన ఐడా స్కడర్ మిషనరీల ఇంట్లో పుట్టి కూడా మిషనరీ కాకూడదనే అనుకున్న మనిషి. తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమై అల్లాడుతున్న తమ భార్యల్ని చూడమని ఆమెను బతిమాలారు. ఆమె డాక్టరు కాదు. డాక్టరైన వాళ్ల నాన్నను పంపుతానంటే పరాయి మగవాడు వద్దన్నారు. తెల్లారేసరికి ఆ ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఐడాకు పిలుపు అలా వచ్చింది. అయినా ఆమె అమెరికా వెళ్లి వైద్యం చదివి, 1899లో డిగ్రీ తీసుకుని, 1900లో తిరిగొచ్చింది. అన్నేళ్లు గడిచినా పిలుపు ఎక్కడికీ పోలేదు.

నీది బైబిల్ కాలేజీకి పిలుపే కావచ్చు, ఆ వార్డుకే కావచ్చు. ఒక ఆరు నెలలు చూడు. డే డ్యూటీకి మార్చమని అడుగు. అప్పు తీర్చడం అవిశ్వాసమేమీ కాదు, పౌలు కొరింథులో డేరాలు కుట్టుకుంటూనే సువార్త చెప్పాడు. మీ పాస్టరమ్మగారితోనూ, నీ పని రోజూ చూసే సీనియర్ సిస్టర్‌తోనూ మాట్లాడు. బర్నబాను, సౌలును (అంటే పౌలునే) తన పనికి ప్రత్యేకించమని పరిశుద్ధాత్మ చెప్పింది అంతియొకయ సంఘంలో, అంటే అంతకుముందే వాళ్లిద్దరినీ ఏడాదిపాటు దగ్గరుండి చూసినవాళ్ల మధ్య. నీ తలమీద చెయ్యి పెట్టినాయన నిన్ను చూసింది ఆ ఒక్క పూటే.

అమ్మతో వాదించకు. నీ మొక్కును తోసెయ్యడం లేదమ్మా, ఆయన నన్ను కూడా పిలిచేదాకా ఆగుతున్నాను, అని చెప్పు. డ్యూటీ మారినా రెండు వారాల్లో నిద్ర కుదరకపోతే డాక్టరుకు చూపించుకో. ఆరు నెలలయ్యాక మళ్లీ రాయి, ఆ వార్డులో ఎవరి పక్కన కూర్చున్నావో, వాళ్లు నీతో ఏం చెప్పుకున్నారో అది కూడా రాయి.