హాస్టల్ వైఫై గురించి రవికి

రవీ,

నీ మెసేజ్ చూశాను. రాత్రయితే చాలు హాస్టల్ వైఫై నత్తనడక నడుస్తోంది, డౌన్‌లోడ్లు పెట్టేవాళ్లకు ఫైన్ వేద్దామని వార్డెన్‌గారు అంటున్నారన్నావు. వద్దురా. ఇప్పుడున్న పద్ధతిలో అలా లాగేవాడికే లాభం, అందుకే లాగుతున్నారు. ముందు ఆ పద్ధతి మార్చు.

లెక్క చూడు. 100 ఎంబీపీఎస్ లైన్ మీద ఐదుగురున్నారనుకో. ఇంటర్నెట్‌లో డేటా పంపే పద్ధతి టీసీపీ, అది సుమారుగా కనెక్షన్‌కో వాటా ఇస్తుంది, మనిషిని చూడదు. నలుగురు ఒక్కో కనెక్షన్‌తో ఉండగా ఐదోవాడు డౌన్‌లోడ్ మేనేజర్ పెట్టి ఒకే ఫైలును 16 ముక్కలుగా లాగితే వాడికి దాదాపు 80, మిగతావాళ్లకు తలా 5. అది కనిపెట్టి అందరూ అదే మొదలుపెడితే మళ్లీ తలా 20కే వస్తారు, కానీ ఈలోగా 80 కనెక్షన్లు కొట్టుకుని పాపం ఇంటికి వీడియో కాల్ చేసుకునేవాడి కాల్ కట్టవుతుంది. ఒక్కడే వెనక్కి తగ్గితే వాడికే నష్టం కాబట్టి ఎవడూ తగ్గడు. పోటీలో ఎవరు ఏ ఎత్తు వేస్తారో లెక్కగట్టే గేమ్ థియరీలో నాష్ ఈక్విలిబ్రియం అనేది ఇదే.

దీనికి మందు జాన్ నేగల్ అనే నెట్‌వర్క్ ఇంజనీరు 1985లోనే ఆర్ఎఫ్‌సీ 970 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలో రాశాడు: ఒక్కో మెషీన్‌కు ఒక్కో క్యూ (వరుస) పెట్టి, వంతులవారీగా ప్యాకెట్ (డేటా ముక్క) పంపు. కాలువ నీళ్లకు వారబందీ లాగా. అత్యాశకు పోయినవాడి క్యూ నిండి వాడి ప్యాకెట్లే ఆగుతాయి, పక్కవాడికి ఏమీ కాదు.

నీ మెయిన్ రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ నడిస్తే కేక్ అనే క్యూ పెట్టుకోవచ్చు, అందులో కనెక్షన్‌కు కాక మెషీన్‌కు వాటా ఇచ్చే సెట్టింగ్ ఉంది. స్పీడు 100 అని ఇవ్వకు, 90 నుంచి 95 మధ్య ఇవ్వు, లేకపోతే క్యూ ప్రొవైడర్ వైపు పేరుకుంటుంది, అక్కడ నీ రూలు చెల్లదు. ఫ్లోర్లలో ఉన్న రౌటర్లు యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (అంటే వైఫై మాత్రమే ఇస్తూ, ప్రతి డివైజునూ మెయిన్ రౌటర్‌కు విడిగా కనిపించనిచ్చేలా) ఉన్నాయో లేదో తప్పకుండా చూడు, లేదంటే ఫ్లోరంతా కలిపి ఒకే మెషీన్‌లా కనిపించి మొత్తం తారుమారవుతుంది. రెండు ఫోన్లు పెట్టి రెండు వాటాలు కొట్టేసే తెలివైనవాళ్లూ ఉంటారు కాబట్టి రోల్ నంబరు లాగిన్ పెట్టి, ఒక్కొక్కరికి ఎన్ని డివైజులో ముందే తేల్చెయ్.

రోజుకింత డేటా అని మాత్రం కోటా పెట్టకు. మిగిలింది రేపటికి రాదు గనక అవసరం లేనివాడు కూడా పడుకునే ముందు ఏదో ఒకటి లాగి ఖర్చు చేస్తాడు, ఖాళీగా ఉన్న తెల్లవారుజామున లైన్ వాడుకున్నవాడి కోటా కూడా ఊరికే కోస్తావు.

ఇవన్నీ చేసే ముందు ఒక ల్యాప్‌టాప్‌లో 16 ముక్కల డౌన్‌లోడ్ పెట్టి, ఇంకోదాంట్లో పింగ్ (చిన్న సందేశం వెళ్లి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష) కొట్టి రాసుకో. మార్చాక మళ్లీ కొట్టు. ఆ రెండు అంకెలూ వార్డెన్‌గారికి చూపించు, నాకూ పంపు.

మీ మామయ్య